యాకూబ్ నబీ ఏడ్చిన ముచ్చట

నలభై ఎనిమిది సెకన్లు. ఆ వాయిస్ మెసేజ్ అంతే ఉంది. పొయ్యి ముట్టించి చాయ్ గిన్నె పెట్టేలోపు అయిపోతుంది. దాన్ని ఎనిమిదేళ్ల పిల్లకు వినిపించి రావడానికి కోరుట్ల నుంచి సిరిసిల్ల పోతున్నాను, బస్సు ఇంకా బస్టాండు గేటు దాటలేదు, దిగిపోదామా అని అప్పుడే రెండుసార్లు అనుకున్నాను. కండక్టరమ్మ నా ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ చింపి ఇచ్చింది. తేలు కుట్టిన దొంగలా కిటికీ పక్కన ముడుచుకుని కూర్చున్నాను. నిన్న సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఫోన్ వచ్చింది. మాలన్‌బీ, ఆ పిల్ల రుమైసా వాళ్ల నాని, అంటే అమ్మమ్మ. సిరిసిల్లలో మరమగ్గాల వాడలో ఉంటుంది, అక్కడ వాటిని సాంచాలంటారు, ఆ సాంచాల చప్పుడుకు గొంతు పెంచి మాట్లాడటమే ఆమెకు అలవాటు, నిన్న మాత్రం మెల్లగా మాట్లాడింది, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "బేటీ, పిల్లకు నువ్వేం చెప్పినవో నాకు తెల్వది. దాని అబ్బా పోయి నలభై రోజులు దాటె. ఒక్కనాడు కండ్లల్ల నీళ్లు రాలే. బువ్వ సయిస్తలేదు. ఎందుకేడుస్తలేవే అంటే, ఏడిస్తే అబ్బా రాడు, ఆపా చెప్పింది అంటున్నది. ముల్లు గుచ్చినోళ్లే తియ్యాలె. నువ్వే వచ్చి తియ్యి." అంతే అని పెట్టేసింది. తిట్టలేదు. తిడితే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని, నా నోరు సంగతి నాకు తెలుసు.

ఆపా. అవును, తహసీన్ ఆపా. మసీదు వెనక గల్లీలో, మేడ మీద గదిలో, సాయంత్రం బడి విడిచాక ముప్పై మంది పిల్లలు, నాలుగేళ్లుగా. కిస్సా క్లాసు అంటారు దాన్ని. అలిఫ్ బే అక్షరాలు నేర్పేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, నేను నేర్పేది వేరు. కోపం, భయం, ఈర్ష్య, బెంగ. ఒక్కో దానికి ఒక్కో కథ. చీకటంటే భయపడే పిల్లకు చేప కడుపులో యూనుస్ నబీ కథ, తమ్ముడు పుట్టాక ఇంట్లో అలిగి తిరిగే పిల్లాడికి యూసుఫ్ నబీ అన్నల కథ. కోపానికైతే పెద్దలు చెప్పిన మందు ఉండనే ఉంది: నిలబడి ఉంటే కూర్చో, కూర్చుని ఉంటే పడుకో, అప్పటికీ పోకపోతే లేచి వజూ చేసుకో, ముఖం కాళ్లు చేతులు కడుక్కో. గదిలో ఒక మూలన చాప వేసి, పక్కన కూజా పెట్టి దానికి ఠండా మూల అని పేరు పెట్టాను. పిల్లలు ఆ మాట ఇళ్లకు మోసుకుపోయారు. గరిటె ఎత్తిన తల్లిని పట్టుకుని అమ్మీ, కూసో, ముందు కూసో అన్నారట. తల్లులు నవ్వుకుంటూ వచ్చి నాకు చెప్పేవాళ్లు. నేను కూడా నవ్వేదాన్ని, లోపల మాత్రం మురిసి ముప్పందుమయ్యేదాన్ని. చెప్పేవి శ్రీరంగనీతులు అని మా పక్కింటి దుర్గవ్వ ఒక సామెత అంటుంది, దాని రెండో సగం నా నోటితో అననులే, కానీ ఈ రోజు అది నా కోసమే కట్టినట్టుంది.

రుమైసా మొదటి రోజే షఫీ అనే పిల్లాడి చెయ్యి కొరికింది. మిరపకాయ అని పిలిచేదాన్ని దాన్ని. వాళ్ల అబ్బా లతీఫ్ సౌదీలో, దమ్మామ్‌లో, అమ్మ ఆస్మా ఇక్కడ అద్దె ఇంట్లో బీడీలు చుడుతూ, పిల్ల కోపమంతా నా క్లాసులో. ఒకసారి అంగడి రోడ్డు మీద వాళ్లమ్మ గాజులు కొనివ్వలేదని కోపం వచ్చి, ఎక్కడ నిలబడిందో అక్కడే, నడిరోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుందట. అటు ఆటోలు, ఇటు మక్కల ట్రాక్టరు, అందరూ హారన్ కొడుతున్నారు. లెవ్వే అని తల్లి రెక్క పట్టి గుంజితే, కోపమొస్తే కూసోమని ఆపా చెప్పింది, ఇంక పోలే, పోయినంక లేస్త, అందట. ఊరంతా చెప్పుకుని నవ్వారు. నేను ఆ ముచ్చట ఎంతమందికి చెప్పుకున్నానో. అందులో భయపడాల్సింది ఒకటుందని నాకు అప్పుడు తట్టలేదు. ఆపా కూర్చోమంటే లారీ వస్తున్నా కూర్చుంటుంది ఆ పిల్ల. అలాంటి పిల్లకు ఒక మాట చెప్పేముందు నోట్లో ఎన్నిసార్లు నమలాలి. నేను నమల్లేదు.

"జర జరుగు బిడ్డా." మోహన్‌రావుపేట దగ్గరనుకుంటా, ఒక ముసలమ్మ ఎక్కి నా పక్కన కూలబడింది. నెత్తి మీద కొంగు, చేతిలో గుడ్డ సంచి, తంబాకు వాసన. పేరు కనకవ్వ అని అడక్కుండానే చెప్పింది. బోయినపల్లి దగ్గర చెల్లె పెనిమిటి పోయాడట, పొద్దున్నే తెలిసిందట, వేములవాడలో దిగి ఇంకో బస్సు పట్టాలట. "ఏడ్వకుంట కూసున్నదేంది అనుకుంటున్నవా," అంది. అనుకోలేదు అన్నాను. "ఈడ ఏడిస్తే ఎట్ల బిడ్డా. ఆడికి పొయ్యినంక గడప కాడ్నే మొదలువెడ్త. వాడు నాకు చేసినయన్ని జెప్పుకుంట ఏడుస్త. పెండ్లినాడు నా చెల్లెకు పాత కడియాలు పెట్టిండు, గది గుడ జెప్పుకుంటనే ఏడుస్త," అని నవ్వింది, నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, కొంగుతో అద్దుకుంది. నువ్వెక్కడికి అని అడిగింది. చుట్టాలింటికి అన్నాను. ఇంకో అబద్ధం. ఇవాళ ఇది మొదటిది, ఇంకెన్ని ఉన్నాయో. కథలాపూర్ వచ్చేదాకా ఆమె తంబాకు నములుతూనే ఉంది, నేను కిటికీ బయట మిరుగు కార్తె తొలి వానకు తడిసిన ఎర్ర దుక్కులు చూస్తూ ఉన్నాను. లతీఫ్ పుట్టింది ఈ పక్క ఊళ్లలోనే. అందుకే ఆయనకు ఉర్దూ కంటే తెలుగే నోరు తిరిగేది.

యాకూబ్ నబీ అంటే ప్రవక్త, ఆయనకు కొడుకు యూసుఫ్ దూరమయ్యాడు. తోడేలు తినేసిందని అన్నలు వచ్చి చెప్పారు, రక్తం పూసిన చొక్కా చూపించారు. ఆ తండ్రి సబర్ పట్టాడు, ఓర్చుకున్నాడు, చివరికి కొడుకు మళ్లీ దొరికాడు. అంతవరకు నిజం. మూడేళ్ల కింద మొదటిసారి చెప్పినప్పుడు కథ మొత్తం చెప్పాను. ఏళ్లకేళ్లు ఏడ్చాడని, ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడి చూపు పోయిందని, నా బాధ నేను అల్లాకు చెప్పుకుంటున్నాను, మీకేం అన్నాడని. ఆ రోజు ముందు వరసలో ఒక పిల్ల ముక్కు ఎగబీల్చింది. తర్వాత ఇంకొకటి. ఆ గదిలో కూర్చున్న ముప్పై మందిలో ఇరవై మందికి పైగా తండ్రులు దుబాయిలోనో షార్జాలోనో దమ్మామ్‌లోనో ఉన్నవాళ్లు. రెండు నిమిషాల్లో మేడంతా ఒకటే ఏడుపు. గల్లీలో ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు, ఏమైంది ఆపా, ఎవలు పడ్డరు, ఎవలకు దెబ్బ తాకింది అని. నాకు తల కొట్టేసినట్టయింది. ఇలా ఏడిపించడానికా పిల్లల్ని పంపుతున్నాం అని ఎవరూ అనలేదు, అన్నట్టు నేనే అనుకున్నాను. మరుసటి ఏడు ఆ కథ చెప్పినప్పుడు ఏడుపు తీసేశాను. తీసేసి ఊరుకున్నా బాగుండేది. యాకూబ్ నబీ ఒక్క కన్నీటి బొట్టు కూడా రాల్చలేదు పిల్లలూ, అని చెప్పాను. నా నోటితోనే. జగిత్యాలలో ఆడపిల్లల మదర్సాలో ఆరేళ్లు చదువుకున్నదాన్ని, నబీ మీద అబద్ధం ఎంత పాపమో పిల్లలకు చెప్పేదాన్ని. శవం మీద పడి గుండెలు బాదుకుని పెడబొబ్బలు పెట్టవద్దన్నారు పెద్దలు, కన్నీళ్లు వద్దనలేదు, కన్నీళ్లు దయ అన్నారు. రెండింటికీ తేడా తెలియక కాదు. ముప్పై మంది కళ్లు తుడవడం నా చేతకాక. తీసేసిన చోట ఖాళీ కనిపించకుండా చివర ఒక ప్రశ్న కుట్టాను. నా ప్రతి కథ చివరా ఒక ప్రశ్న ఉంటుంది, పిల్లలందరూ ఒక్క గొంతుతో జవాబు చెప్పాలి. ఏడవకుండా సబర్ చేస్తే ఏమైతది? పోయినోళ్లు తిరిగొస్తరు! గోడలు అదిరేవి. నిజంగానే వచ్చేవాళ్లు కదా. రెండేళ్లకోసారి సెలవు మీద, పాలపొడి డబ్బాలు, అత్తరు సీసాలు, దుప్పట్లు పట్టుకుని వచ్చేవాళ్లు. పిల్లలు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, ఆపా, ఏడ్వలే, వచ్చిండు అనేవాళ్లు. నా కథ పనిచేస్తోందని నేను వీడియో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టేదాన్ని.

ఆ వీడియోకే లతీఫ్ మెసేజ్ వచ్చింది. రంజాన్‌కు నెల ముందు. గ్రూపులో పెట్టలేదు పాపం, నా పరువు పోతుందని విడిగా పంపాడు. నిన్నటి నుంచి ఎన్నిసార్లు విన్నానో, ఇప్పుడు ఫోన్ తీయకుండానే వినిపిస్తుంది. "అస్సలామలైకుం ఆపా. నేను రుమైసా వాళ్ల అబ్బాను, దమ్మామ్ కెల్లి. మీ కథ రూముల అందరం విన్నం. మస్తు చెప్పిన్రు. ఒక్క ముచ్చట ఆపా, తప్పనుకోకున్రి. యాకూబ్ నబీ ఏడ్చిండు గదా. ఏడ్చి ఏడ్చి కండ్లు పోయినయ్ గదా, మా నాయిన చెప్తుండె. అది మీరు ఇడిసిపెట్టిన్రు. మా పిల్ల నన్ను ఫోన్ల చూస్తే ఏడుపస్తదని ఫోనే ఎత్తుత లేదు. ఏడిస్తే తప్పు గాదని దానికి జర చెప్పున్రి. నాకు గుడ అస్తది ఏడుపు. నేను ఏడుస్త. గంతే ఆపా. దువా చెయ్యున్రి." వెనక ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు. నాకు ఏమనిపించింది? చెప్పు తహసీన్, బస్సులో ఎవరూ వినడం లేదు, నీకు నువ్వైనా నిజం చెప్పుకో. సెంట్రింగ్ పని చేసుకునేవాడు నాకు కథ నేర్పుతాడా, అనిపించింది. అదీ వచ్చింది నాకు. కోపం. నిలబడే ఉన్నాను, కూర్చోలేదు, వజూ చేసుకోలేదు. బొటనవేలు బొమ్మ ఒకటి పంపి, గిన్నెలో పప్పు మాడుతుంటే చూసుకోవడానికి పోయాను. ఆయన నాతో అన్న చివరి మాటకు నా జవాబు ఆ బొటనవేలు. రంజాన్ అయిపోయింది, పండుగ అయిపోయింది, పండుగైన మూడు వారాలకు రూములో నిద్రలోనే గుండె ఆగిపోయిందని కబురు వచ్చింది. మట్టి అక్కడే ఇచ్చారు. ఇక్కడ శవమూ లేదు, జనాజా మోసిందీ లేదు, ఇంటి ముందు కుర్చీలు వేశారు, అంతే. పిల్లకు కనిపించింది అది. అబ్బా ఇంతకుముందూ దమ్మామ్‌లోనే ఉన్నాడు, ఇప్పుడూ దమ్మామ్‌లోనే ఉన్నాడు.

రుద్రంగి దాటాక బస్సులో సందడి తగ్గింది. కనకవ్వ నా సంచిలోంచి తొంగి చూస్తున్న ప్యాకెట్ వైపు చూసి ఏంది బిడ్డా అంది. ఖజూర్. అలవాటుగా పట్టుకొచ్చాను, పిల్లల దగ్గరికి పోతున్నప్పుడు చేయి ఖాళీగా ఉండకూడదని. చూసుకుని నా మీద నాకే అసహ్యం వేసింది. దాంతోనే కదా ఆ పిల్ల నోరు మూశాను, మళ్లీ దాన్నే పట్టుకుపోతున్నాను. ప్యాకెట్ మొత్తం కనకవ్వ ఒళ్లో పెట్టాను. వద్దు వద్దంటూనే ఒకటి నోట్లో వేసుకుంది, బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ, ఏమనుకుందో ఏమో, "మొగమంత గుంజుకపోయింది గదనే. ఏడుపస్తే ఏడ్వు. ఆపుకుంటె కడుపుల గడ్డ గడ్తది," అంది. నాకు ఏడుపు రాదవ్వా అన్నాను. అది మాత్రం నిజం.

ఎందుకు రాదంటే జగిత్యాల. టవర్ దగ్గర మా అబ్బాకు గడియారాలు బాగుచేసే చిన్న డబ్బా కొట్టు ఉండేది. కంటికి పెట్టుకునే నల్లటి అద్దం నాకు పెట్టి, చీమను చూపించేవాడు, చీమ మీసాలు కనిపించేవి. నాకు పదకొండేళ్లప్పుడు పోయాడు. ముసుగు తీసి చివరిసారి చూపిస్తున్నారు, నా గొంతులో ఏదో లేచి వస్తోంది, అప్పుడు మా దాదీ, అబ్బా వాళ్లమ్మ, నా తొడ మీద గిల్లింది, గోళ్లు దిగేలా. ఏడిస్తే మీ అబ్బాకు అక్కడ తక్లీఫ్ అయితది, సబర్ చెయ్యి, అంది. లేచి వచ్చింది లోపలికే పోయింది. చుట్టూ ఆడవాళ్లు అన్నారు, చూడు, ఎంత సబర్ ఉన్న పిల్లో. ఒకామె నా చేతిలో ఖజూర్ పెట్టింది. ఇదిగో, ఇప్పుడు గుర్తొస్తోంది అది, ఇన్నేళ్లకు, చందుర్తి స్టేజీ దగ్గర. అప్పుడు ఆ ఖజూర్ తిన్నాను. తియ్యగా ఉంది. మా అబ్బా పోయిన రోజు నా నోరు తియ్యగా ఉంది. ఆ మెప్పు మీదే ఇరవై నాలుగేళ్లు బతికాను, సబర్ ఉన్న పిల్ల, సబర్ ఉన్న కోడలు, సబర్ ఉన్న ఆపా. దాదీని తప్పు పట్టి చేతులు దులుపుకుందామా? ఆమెకు అక్షరం రాదు, ఎవరో చెప్పింది నమ్మింది. నేను చదువుకుని, తెలిసి, గోళ్లు దించకుండా అదే పని చేశాను. గిల్లితే కనీసం పిల్లకు నొప్పి పుట్టేది, ఇదేదో తప్పని తెలిసేది.

కబురు తెలిసిన వారానికి రుమైసా క్లాసుకు వచ్చింది. తల్లి ఇద్దత్‌లో కూర్చుంది, నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పిల్లను ఎవరో తీసుకొచ్చి దింపిపోయారు. వచ్చి కూర్చుంది. పక్క పిల్ల, మా అబ్బా బక్రీద్‌కు వస్తడు అంది, ఊరికే అంది. రుమైసా ఆ పిల్ల పుస్తకం లాక్కుని చింపింది, కూజా తన్నింది, ఠండా మూల చాప అంతా తడిసిపోయింది. గొంతు చించుకుని అబ్బా అబ్బా అని అరిచింది. ముప్పై మంది పిల్లల పెదవులు వణకడం మొదలైంది. నాకు మూడేళ్ల కిందటి సాయంత్రం కళ్ల ముందుకొచ్చింది. దాన్ని దగ్గరికి తీసుకోలేదు. తీసుకుని ఉంటే సరిపోయేది. చప్పట్లు చరిచాను. పిల్లలూ, యాకూబ్ నబీ ఏం చేసిండు? సబర్ చేసిండు! ఏడవకుండా సబర్ చేస్తే ఏమైతది? ప్రశ్న నోట్లోంచి బయటపడ్డాక తెలిసింది ఏం అడిగానో. అప్పటికే జవాబు వచ్చేసింది, గోడలు అదిరేలా. పోయినోళ్లు తిరిగొస్తరు! రుమైసా అరుపు ఆపి నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోను. నిజమా అని అడుగుతోంది. కాదు బిడ్డా అనడానికి నాకు ఒక క్షణం దొరికింది, పూర్తిగా ఒక క్షణం, పిల్లలందరూ చప్పుడు లేకుండా ఉన్నారు, ఎంత హాయిగా ఉన్నారు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ మొదలైంది. నేను ఊరుకున్నాను. రుమైసా చేతిలో ఖజూర్ ప్యాకెట్ పెట్టి, ఏడవని రోజుకు ఒకటి తిను అన్నాను. పన్నెండు ఉంటాయి అందులో. మరుసటి రోజే ఇల్లు ఖాళీ చేసి తల్లీ పిల్లా సిరిసిల్ల పోయారు, మిగతా ఇద్దత్ పుట్టింట్లోనే అన్నారు. పోయేముందు ఆస్మా కబురు పంపింది, ఆపాకు శుక్రియా చెప్పున్రి, పిల్ల ఏడుపు ఆపింది అని.

వేములవాడలో కనకవ్వ దిగింది. దిగేముందు నా తల మీద చేయి వేసి, మెటికలు విరిచి, పైలం బిడ్డా అంది. బస్టాండులో ఆగినంతసేపు ఎదురుగా కోరుట్ల బోర్డు పెట్టుకున్న బస్సు నిలబడి ఉంది, తలుపు తెరిచే ఉంది. అందులో కూర్చుంటే మధ్యాహ్నం జొహర్ వేళకు ఇంట్లో ఉంటాను. లేదా పోదాం, పోయి కథ సరిగ్గా చెబుదాం, యాకూబ్ నబీ ఏడ్చాడమ్మా, నేను మర్చిపోయాను, ఇప్పుడు గుర్తొచ్చింది అందాం. మెసేజ్ ఎందుకు వినిపించడం? వినిపిస్తే వాళ్ల అబ్బా చెప్పమన్నాడని, నేను చెప్పలేదని తెలిసిపోతుంది. పిల్లకు, ఆస్మాకు, మాలన్‌బీకి. ఇవాళ సాయంత్రానికి సిరిసిల్లలో, రేపటికి కోరుట్లలో. తహసీన్ ఆపా నబీ కథ మార్చి చెబుతుంది. ముప్పై మంది తల్లులు. కిస్సా క్లాసు అయిపోతుంది, అది పోతే నేను ఎవరిని? కానీ మర్చిపోయాను అంటే అది ఇంకో కుట్టు, ఇంకో ఖాళీ మీద. పైగా ఆ గొంతు ఎవరిది? నాదా? నా ఫోన్‌లో పడి ఉన్నంత మాత్రాన నాదైపోతుందా? తండ్రి కూతురికి చెప్పమని పంపిన మాట, నాలుగు నెలలుగా నా దగ్గర ఉంది. సెలవు మీద వచ్చే మనిషి చేతికి ఇచ్చి పంపిన సామాను ఇంట్లో దాచుకునేవాళ్లను కోరుట్లలో ఏమంటారో నాకు తెలుసు. కోరుట్ల బస్సు కదిలిపోయింది. దిగలేదంటే ధైర్యం వచ్చి కాదు, కాళ్లు లేవలేదు.

సిరిసిల్లలో ఆటో దిగేసరికి సాంచాల చప్పుడు ముందు కాళ్లకు తగిలింది, తర్వాత చెవులకు. ఈ వాడలో ఎవరు ఏడ్చినా పక్కింటికి వినపడదు. మాలన్‌బీ తలుపు తీసి సలాం చెప్పి పక్కకు జరిగింది. పరదా వెనక గదిలో ఆస్మా తెల్ల దుపట్టాలో కూర్చుని ఉంది, నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. రుమైసా వసారాలో వాళ్ల నానా, అమ్మ వైపు తాత, చుట్టిన దారపు కండెల పక్కన కూర్చుని ఉంది. మెడ సన్నబడింది. నన్ను చూడగానే లేచి చేతులు కట్టుకుని సలాం చెప్పింది, నేను నేర్పినట్టే. నా మిరపకాయ ఎక్కడికి పోయింది? లోపలికి పరుగెత్తి వాళ్ల అబ్బా తెచ్చిన పాలపొడి డబ్బా తెచ్చి, మూత తీసి నా ముందు బోర్లించింది. ఎండిపోయిన ఖజూర్లు పన్నెండు. ఒక్కటీ తినలేదు. ఆ పన్నెండు రోజుల లెక్క అయ్యాక, ఏడవని రోజుకొకటి చొప్పున వేసినట్టుంది, గులకరాళ్లు.

"గిన్ని రోజులైనయ్ ఆపా. ఇంకెన్ని గావాలె?"

ఫోన్ తీశాను, లతీఫ్ మెసేజ్ నొక్కాను. సాంచాల చప్పుడులో వినపడదని రుమైసా ఫోన్ లాక్కుని చెవికి పెట్టుకుంది. నలభై ఎనిమిది సెకన్లు ఆమె ముఖం చూశాను. పరదా పక్కకు జరిగింది, ఆస్మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది. పిల్ల మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను.

"గిది ఎప్పుడు పంపిండు?"

"రంజాన్‌కు ముంగట."

"మరి నాకెందుకు చెప్పలే?"

దారంతా వంద జవాబులు కూర్చుకుని వచ్చాను. అవన్నీ పక్కన పెట్టాను. "మీరంత ఏడిస్తే నాకు చాతగాదని చెప్పలే బిడ్డా. యాకూబ్ నబీ ఏడ్చిండు. మస్తు ఏడ్చిండు. నేను అబద్ధం చెప్పిన."

"అబ్బా రాడా?"

"రాడు."

"నేను ఏడ్వలే గదా!"

"ఏడ్వకపోయినా రాడు. ఏడ్చినా రాడు."

డబ్బా నా కాళ్ల మీద పడింది. తర్వాత పిడికిళ్లు, నడుము మీద, పొట్ట మీద, ఎక్కడ అందితే అక్కడ. మాలన్‌బీ పరుగున వచ్చి రెక్క పట్టుకుంది. "ఏయ్, ఆపాను కొడ్తవా? కోపమొస్తే ఏం జెయ్యాలె? కూసో. కూసో ముందు." రుమైసా మోకాళ్లు వంగాయి. నా కళ్ల ముందే వంగాయి, నిజంగా కూర్చోబోతోంది ఆ పిల్ల, ఇంత అయ్యాక కూడా, నేను నేర్పాను గనక. "వద్దమ్మా, దాన్ని కూర్చోబెట్టకున్రి," అన్నాను. మాలన్‌బీ చెయ్యి వదిలింది. రుమైసా చేతులు నా భుజాల దాకా అందడం లేదు. నేను కింద కూర్చున్నాను, ఆ ఖజూర్ల మీదే, గులకరాళ్ల మీదే. ఇప్పుడు అందాయి. భుజం మీద, మెడ మీద, చెంప మీద కొట్టింది, కొడుతూ కొడుతూ నోరు తెరిచింది, మొదట చప్పుడు రాలేదు. తర్వాత వచ్చింది. ఆ వాడలో సాంచాలన్నీ నడుస్తున్నా వినిపించింది.